కౌన్సెలింగ్‌కి సీనియర్ సాయం తీసుకోండి, ఆప్షన్లు మాత్రం మీరే పెట్టండి

ఇంటర్ ఎంపీసీ అయిపోయి, ఎప్‌సెట్ ర్యాంకు చేతికొచ్చి, ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియక తిరుగుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో మీ కంటే ముందు ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఎవరూ లేకపోతే ఇంకా ముఖ్యంగా మీ కోసం. ఈ రెండు మూడు వారాల్లో మీకు ఒక మెంటర్ ఉంటే చాలా తేడా వస్తుంది. మెంటర్ అంటే పెద్ద పదమేం కాదు, రెండు మూడేళ్ల కిందట ఇదే కౌన్సెలింగ్‌లో కూర్చుని ఇప్పుడు బీటెక్ చదువుతున్న అక్కో, అన్నో చాలు. కానీ ఆ సాయం ఎలా తీసుకోవాలో చాలామందికి తెలియదు. ర్యాంకు వాట్సాప్‌లో పంపించి "అన్నా, నాకు ఏ కాలేజీ వస్తుంది?" అని అడుగుతారు, అన్న నాలుగు పేర్లు చెప్తాడు, కథ అక్కడితో అయిపోతుంది. దానివల్ల మీరు నేర్చుకున్నది ఏమీ లేదు. మెంటర్ దగ్గర తీసుకోవాల్సింది కాలేజీ పేరు కాదు, ఆ పేరు దాకా ఆయన ఎలా వచ్చాడో ఆ దారి. అది ఒకసారి వచ్చేస్తే రేపు ఎలెక్టివ్ ఎంచుకోవడానికీ, ఎమ్మెస్‌కి వెళ్లాలా ఉద్యోగంలో చేరాలా అని తేల్చుకోవడానికీ కూడా పనికొస్తుంది.

ఎవర్ని అడగాలి

ఒక్కరిని కాదు, వీలైతే ఇద్దర్ని. ఒకరు మీకు వచ్చే అవకాశం ఉన్న కాలేజీల్లో ఏదో ఒకదాంట్లో రెండో ఏడాదో మూడో ఏడాదో చదువుతున్నవాళ్లు, ఇంకొకరు చదువు పూర్తిచేసి ఉద్యోగంలో ఉన్నవాళ్లు. మొదటివాళ్లకి కౌన్సెలింగ్ ఇంకా గుర్తుంటుంది, రెండోవాళ్లకి ఆ నాలుగేళ్ల వల్ల తర్వాత ఏం జరిగిందో తెలుసు. ర్యాంకు మీకు దగ్గరగా వచ్చినవాళ్లని వెతకండి. మూడొందల ర్యాంకు వచ్చిన అన్న చాలా మంచివాడు కావచ్చు, కానీ ముప్ఫై వేల ర్యాంకుతో ఆప్షన్లు పెట్టేటప్పుడు ఉండే టెన్షన్ ఆయనకి తెలిసే అవకాశం తక్కువ. ఇంటర్‌లో మీకు చెప్పిన లెక్చరర్లలో కూడా ఈ విషయం బాగా తెలిసినవాళ్లు ఉంటారు, కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

డబ్బు తీసుకుని ఆప్షన్లు పెట్టిపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో నిజాయితీగా పనిచేసేవాళ్లు ఉన్నారు, ఫలానా కాలేజీలో చేర్పిస్తే ఆ కాలేజీ నుంచి కమీషన్ తీసుకునేవాళ్లూ ఉన్నారు, బయటి నుంచి చూస్తే ఎవరు ఏ రకమో తెలియదు. ఎవరైనా సరే, మీ ఆర్‌ఓసీ ఫారం నంబరు (కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో లాగిన్‌కి వాడేది), హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డ్, ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఇమ్మంటే అక్కడితో ఆపేయండి. మంచి మెంటర్ మీ పాస్‌వర్డ్ అడగడు. మీ పక్కన కూర్చుని మీ చేతే టైప్ చేయిస్తాడు.

మొదటిసారి కలిసేముందు

ఖాళీ చేతుల్తో వెళ్లకండి. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఒకే పేజీలో ఇవి రాసుకుని వెళ్లండి: ర్యాంకు, కేటగిరీ, లోకల్ ఏరియా, అమ్మానాన్నల ఆదాయం ఫీజు రీయింబర్స్‌మెంట్ పరిధిలో ఉందా లేదా, ఇంట్లోవాళ్లు ఏడాదికి సొంతంగా ఎంత కట్టగలరు, హాస్టల్‌కి ఒప్పుకుంటారా. ఈ ఆరింటిలో ఒక్కటి తెలియకపోయినా మెంటర్ ఇచ్చే సలహా గాల్లో మేడే.

లోకల్ ఏరియా గురించి కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది తడబడతారు. కన్వీనర్ కోటా సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీట్లలో, 85 శాతం లోకల్ అభ్యర్థులకే. లోకల్ ఏరియాలంటే తెలంగాణలో ఉస్మానియా పరిధి, ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా, శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీల పరిధులు. ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఎక్కడ చదివారో అదే మీ లోకల్. మధ్యలో రాష్ట్రం మారితే ఆరో తరగతి నుంచి ఏడేళ్ల లెక్క చూస్తారు, ఎక్కడ ఎక్కువ కాలం చదివితే అక్కడ. ఇప్పుడు ఖమ్మం అమ్మాయి టెన్త్ దాకా ఖమ్మంలోనే చదివి ఇంటర్ మాత్రం విజయవాడ హాస్టల్లో చదివిందనుకోండి, ఎప్‌సెట్‌లో తను తెలంగాణ లోకలే. కానీ జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్ఐటీకి వెళ్తే అక్కడ లెక్క వేరు. ఎన్ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్ వాళ్లకి, ఆ హోమ్ స్టేట్ అంటే ఇంటర్ ఎక్కడ పాసయ్యారో ఆ రాష్ట్రం. కాబట్టి ఆ అమ్మాయికి హోమ్ స్టేట్ కోటా దొరికేది వరంగల్‌లో కాదు, తాడేపల్లిగూడెంలో. ఒకే అమ్మాయి, రెండు కౌన్సెలింగ్‌లు, రెండు రాష్ట్రాలు. ఇలాంటివి మీకు మీరుగా తట్టవు, అనుభవం ఉన్న మనిషి ఒక్క నిమిషంలో చెప్తాడు.

సర్టిఫికెట్ల సంగతి చకచకా: ఆదాయ సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి, మీసేవలో ముందే దరఖాస్తు పెట్టుకోండి. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి, పాత స్కూలు మూతపడి ఉంటే ఆ పనికి వారం పట్టొచ్చు. జోసాకి (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కోసం జరిగే జాతీయ కౌన్సెలింగ్‌కి) వెళ్లేవాళ్లు ఓబీసీ ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీ లేయర్), ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతివి తీసుకోవాలి, పాతది చెల్లదు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రం ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు, అది కూడా చూసుకోండి.

లాస్ట్ ర్యాంక్ షీట్ చదవడం

నా లెక్కలో మెంటర్ దగ్గర నేర్చుకోవాల్సిన అసలు విద్య ఇదే, దీనికి ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి.

కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కిందటేడాది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటుంది. తెరిస్తే కళ్లు తిరుగుతాయి. ఒక్కో వరసలో కాలేజీ కోడ్, పేరు, ఊరు, జిల్లా, కో-ఎడ్యుకేషనా కాదా, ప్రైవేటా యూనివర్సిటీదా, పెట్టిన ఏడాది, బ్రాంచి కోడ్, ఆ తర్వాత ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, బీసీ-ఏ బాయ్స్, బీసీ-ఏ గర్ల్స్ అంటూ వరసగా గళ్లు, చివర్లో ట్యూషన్ ఫీజు, ఏ యూనివర్సిటీకి అఫిలియేషన్ ఉందో. మీరు చూడాల్సింది మీ కేటగిరీ గడి ఒక్కటే అనుకుంటారు. కాదు. ఓసీ గడి కూడా చూడాలి, ఎందుకంటే మీ ర్యాంకుకి ఓపెన్‌లోనే సీటు వస్తే అక్కడే ఇస్తారు. అమ్మాయిలైతే గర్ల్స్ గడితో పాటు బాయ్స్ గడి కూడా చూడాలి, అది అబ్బాయిలకి మాత్రమే ఉంచిన కోటా కాదు, జనరల్ సీటు.

ఉదాహరణకి బీసీ-బి అమ్మాయి, ర్యాంకు 18 వేలు అనుకుందాం. ఒక కాలేజీ సీఎస్ఈ వరసలో బీసీ-బి గర్ల్స్ గడిలో 16,500 ఉంది, ఐటీ వరసలో 19,200 ఉంది, ఈసీఈలో 24,000 ఉంది. దీన్ని చూసి "సీఎస్ఈ రాదు, ఐటీ వస్తుంది" అని తేల్చేయడం తొందరపాటు. 16,500 అంటే కిందటేడాది ఆఖరి సీటు ఆ ర్యాంకు దగ్గర ఆగింది, అంతే. ఈ ఏడాది ఆ కాలేజీకి సీఎస్ఈలో ఇంకో 60 సీట్లు పెరిగితే అది 20 వేలు దాటొచ్చు. పేపర్ తేలికగా వచ్చి మార్కులు పెరిగినా ర్యాంకు ర్యాంకే కాబట్టి అక్కడ పెద్ద తేడా ఉండదు, కానీ సీట్ల సంఖ్య, రిజర్వేషన్ నియమాలు మారితే మాత్రం గట్టిగా మారుతుంది. తెలంగాణలో 2025 నుంచి, లోకల్‌కి ఇచ్చే 85 శాతం పోగా మిగిలే 15 శాతం సీట్ల నియమాలు మారాయి, ఎస్సీ కోటా మూడు గ్రూపులైంది. అంతకుముందు ఏడాది షీట్ పట్టుకుని కూర్చున్నవాళ్లకి ఆ గళ్లు సరిపోలవు. అందుకే ఒక్క ఏడాది కాదు, కనీసం రెండేళ్ల షీట్లు పక్కపక్కన పెట్టుకోండి, మొదటి ఫేజ్‌ది, చివరి ఫేజ్‌ది విడివిడిగా చూడండి. గడి ఖాళీగా ఉంటే సీటు రాదని కాదు, ఆ కేటగిరీలో కిందటిసారి ఎవరూ చేరలేదని కావచ్చు.

మెంటర్‌ని ఇక్కడ అడగాల్సిన పద్ధతి ఏంటంటే, "ఇది నాకు వస్తుందా?" అని కాదు, "అన్నా, ఈ వరస నేను చదువుతాను, తప్పు చదివితే ఆపండి" అని. పది వరసలు అలా బిగ్గరగా చదివితే పదకొండోదానికి మీకు ఎవరూ అక్కర్లేదు.

ఆప్షన్ల వరస గురించి ఉన్న భయం

"పైన పెద్ద కాలేజీలు పెడితే అవి రాకపోగా కిందవి కూడా పోతాయట కదా" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. పోవు. కంప్యూటర్ చేసే పని చాలా సూటిగా ఉంటుంది. ర్యాంకుల వరసలో మీ వంతు వచ్చినప్పుడు మీ లిస్టు పై నుంచి కిందికి చూస్తుంది, మొదటి ఆప్షన్‌లో మీకు సరిపోయే సీటు ఖాళీ ఉందా, లేదు, రెండోది, లేదు, మూడోది, ఉంది, ఇచ్చేసింది. మీరు నలభయ్యో ఆప్షన్‌గా పెట్టిన కాలేజీకి, దాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టినవాడికీ మీకూ పోటీ వచ్చినా ముందు ర్యాంకు ఉన్నవాళ్లకే సీటు, ఎవరు ఎన్నో నంబర్‌లో పెట్టారనేది అక్కడ లెక్కలోకి రాదు. కాబట్టి వరస మీ ఇష్టం ప్రకారం ఉండాలి, వచ్చే అవకాశం ప్రకారం కాదు. బాగా కావాల్సింది పైన, దాని తర్వాత కావాల్సింది దాని కింద.

ప్రమాదం ఉన్నది ఇంకో చోట. చేరే ఉద్దేశం లేని కాలేజీని "ఉంటే ఉంటుందిలే" అని మధ్యలో పెడితే అదే వచ్చి కూర్చుంటుంది. తక్కువ ఆప్షన్లు పెట్టి ఆపేస్తే అసలు సీటే రాకపోవచ్చు. మెంటర్‌తో కూర్చుని పక్కపక్కన ఉన్న ప్రతి రెండు ఆప్షన్ల మధ్య ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ రెండూ ఒకేసారి ఇస్తామంటే నేను ఏది తీసుకుంటాను? జవాబు కిందదైతే వరస మార్చండి. ఇది కాగితం మీద చెయ్యండి, వెబ్‌సైట్‌లో మాన్యువల్ ఆప్షన్ ఫారం ఇస్తారు, లేకపోతే నోట్‌బుక్‌లో కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ రాసుకుంటూ పోండి. కోడ్‌లు జాగ్రత్త, సీఎస్‌ఎం అంటే ఏఐ అండ్ ఎంఎల్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, సీఎస్‌సీ అంటే సైబర్ సెక్యూరిటీ, హడావుడిలో ఒకదాని బదులు ఒకటి నొక్కేస్తారు. స్క్రీన్ మీద పెట్టాక సేవ్ చేసి, ప్రింట్ తీసి, కాగితంతో పోల్చి ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టండి. ఆఖరి రోజు సర్వర్ నెమ్మదిస్తుంది కాబట్టి ఒకరోజు ముందే పని ముగించండి.

కాలేజీని తూచడం

ప్యాకేజీ హోర్డింగ్‌లు చూసి కాలేజీ ఎంచుకోవడం నాకు బాధనిపిస్తుంది. హోర్డింగ్ మీద ఉన్న ఆ పెద్ద ప్యాకేజీ ఒక్కరిది, మీ నాలుగేళ్లు మీవి. మంచి మెంటర్ మిమ్మల్ని హోర్డింగ్ దగ్గర్నుంచి లాక్కెళ్లి ఎన్ఐఆర్ఎఫ్ పీడీఎఫ్ దగ్గర కూర్చోబెడతాడు. ఎన్ఐఆర్ఎఫ్ అంటే కేంద్ర ప్రభుత్వం కాలేజీలకి ఇచ్చే ర్యాంకింగ్, అందులో పాల్గొనే ప్రతి కాలేజీ తాను ఇచ్చిన వివరాలు తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఒక టేబుల్ ఉంటుంది: ఆ బ్యాచ్‌లో మొదటి ఏడాది ఎంతమంది చేరారు, లాటరల్ ఎంట్రీలో (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో) ఎంతమంది కలిశారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ప్లేస్‌మెంట్ వచ్చింది, మీడియన్ జీతం ఎంత, పైచదువులకి ఎంతమంది వెళ్లారు. మీడియన్ అంటే జీతాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది, అంటే సగంమందికి అంతకంటే తక్కువే. చేరినవాళ్ల సంఖ్యకీ సమయానికి పాసైనవాళ్ల సంఖ్యకీ ఎంత తేడా ఉందో మొదట చూడండి, నాకు ప్లేస్‌మెంట్ కంటే అదే ఎక్కువ చెప్తుంది. ఒక పరిమితి కూడా ఉంది, ఆ లెక్కలు అన్ని బ్రాంచిలూ కలిపి ఇచ్చినవి, మీ బ్రాంచి ఒక్కదానివి కావు.

నాణ్యతని బయటి సంస్థలు చూసి ఇచ్చేవి కూడా రెండున్నాయి: న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా. కాలేజీకి ఎన్‌బీఏ ఉందంటే మీరు చేరబోయే బ్రాంచికి ఉందా, ఎప్పటిదాకా ఉందో అడగండి. కొత్తగా పెట్టిన బ్రాంచికి ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాకపోతే దానికి ప్లేస్‌మెంట్ చరిత్రే ఉండదు, చెడ్డదని కాదు, తెలుసుకుని చేరండి.

కాగితాల్లో కనపడనివి సీనియర్లకే తెలుసు. అడగాల్సిన ప్రశ్నలు ఇలా ఉండాలి: ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఎంతమంది కూర్చుంటారు? మీ సెక్షన్‌కి మొదటి ఏడాది మ్యాథ్స్ చెప్పిన సార్ రెండో ఏడాదికీ ఉన్నారా, వెళ్లిపోయారా? 75 శాతం అటెండెన్స్ దాటకపోతే ఏం చేస్తారు? మూడు గంటల తర్వాత లైబ్రరీ తెరిచి ఉంటుందా? "కాలేజీ బాగుంటుందా?" అని అడిగితే "బాగుంటుంది" అనే వస్తుంది, ఇలా అడిగితే నిజం వస్తుంది.

హైదరాబాద్‌లో చేరేవాళ్లు ప్రయాణం లెక్క తప్పకుండా వేసుకోండి. చాలా కాలేజీలు ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మేడ్చల్, మొయినాబాద్ వైపు ఉన్నాయి. కూకట్‌పల్లిలో ఇల్లు, ఇబ్రహీంపట్నం దారిలో కాలేజీ అయితే రోజుకి మూడు నాలుగు గంటలు బస్సులోనే పోతాయి, ఆ గంటల్లో ఎవరూ కోడింగ్ ప్రాక్టీస్ చెయ్యలేరు, నిలబడి వస్తారు, ఇంటికొచ్చి పడుకుంటారు. బస్సు ఫీజు ట్యూషన్ ఫీజులో కలవదు, ఆ లెక్క కూడా రాసుకోండి. వీలైతే కాలేజీ నడిచే రోజు పొద్దున అదే బస్సు టైమ్‌కి ఒకసారి వెళ్లి చూసి రండి.

బ్రాంచి విషయంలో నా అభిప్రాయం: మధ్య ర్యాంకుల్లో ఉన్నవాళ్లు సీఎస్ఈ అనే మాట కోసం బాగా బలహీనమైన కాలేజీకి వెళ్లడం కంటే, పాఠాలు నిజంగా చెప్పే కాలేజీలో ఈసీఈనో ఈఈఈనో తీసుకోవడం మేలు, ఆ సబ్జెక్టు అంటే మీకు పూర్తి విముఖత లేకపోతే. సీఎస్ఈకీ సీఎస్‌ఎంకీ మొదటి ఏడాది దాదాపు ఒకే సిలబస్, ఆ రెండింటి మధ్య రాత్రుళ్లు నిద్ర పోగొట్టుకోవద్దు. మీ మెంటర్ దీనికి ఒప్పుకోకపోవచ్చు. ఎందుకు ఒప్పుకోవట్లేదో అడగండి, ఇద్దరు మెంటర్లు రెండు మాటలు చెప్పినప్పుడే మీరు ఆలోచించడం మొదలవుతుంది.

ఇంట్లో మాట్లాడటం

ఈ పని మెంటర్ మీ బదులు చెయ్యకూడదు, కానీ ఎలా చెయ్యాలో చెప్పగలడు. నాన్నగారు "ఈసీఈ వద్దు, అందరూ సీఎస్ఈయే అంటున్నారు" అంటే ఎదురు మాట్లాడకుండా షీట్ తీసి ముందు పెట్టండి. "నాన్నా, ఈ కాలేజీలో సీఎస్ఈకి మన ర్యాంకు సరిపోదు, బి కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో తీసుకుంటే రీయింబర్స్‌మెంట్ రాదు, నాలుగేళ్లకి ఇంత అవుతుంది. ఇదే కాలేజీలో ఈసీఈ కన్వీనర్ కోటాలో వస్తుంది, ఇంత కడితే చాలు" అని అంకెలతో చెప్పండి. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకి ఆదాయ పరిమితి లోపల ఉంటే పదివేల లోపు ర్యాంకుకి పూర్తి ఫీజు, ఆ పైన ర్యాంకులకి ఏడాదికి 35 వేల రూపాయల దాకా ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది ఇంట్లోనే కట్టుకోవాలి. లక్షకి పైగా ఫీజు ఉన్న కాలేజీలో ఆ మిగతా ఎంతో మీ నోట్‌బుక్‌లో ముందే ఉంటే మాట సూటిగా సాగుతుంది. పెద్దవాళ్ల భయం ఎక్కువగా డబ్బు గురించీ దూరం గురించీ ఉంటుంది, బ్రాంచి పేరు గురించి కాదు. అమ్మాయిల్ని హాస్టల్‌కి పంపడానికి వెనకాడుతుంటే, అదే హాస్టల్లో ఉన్న సీనియర్ అక్కతో అమ్మని ఒకసారి ఫోన్లో మాట్లాడించండి. మీరు పది మాటలు చెప్పినా రానిది ఆ ఒక్క ఫోన్‌తో వస్తుంది.

సీటు వచ్చాక

మొదటి ఫేజ్‌లో సీటు వస్తే గడువులోపు ట్యూషన్ ఫీజు కట్టి వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఒప్పుకుంటున్నానని చెప్పడం) చెయ్యాలి, చెయ్యకపోతే ఆ సీటు రద్దవుతుంది. రెండో ఫేజ్‌కి పాత ఆప్షన్లు పనికిరావు, కొత్తగా పెట్టాలి, అందులో వచ్చిన సీటే మీది, మొదటిది వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. కాబట్టి చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టండి. జోసాలో మాత్రం ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు దారులు ఉన్నాయి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు. ఫ్లోట్ అంటే ఇది ఉంచుకుంటూ నా లిస్టులో పైనున్న ఏ కాలేజీ అయినా వస్తే మారతాను. స్లైడ్ అంటే ఇదే కాలేజీలో పై బ్రాంచి వస్తేనే మారతాను. ఎన్ఐటీ మీద ఆశ ఉండి ఎప్‌సెట్‌లో కూడా సీటు వచ్చినవాళ్లు రెండింటి తేదీలూ ఒకే కాగితం మీద రాసుకుని మెంటర్‌కి చూపించండి, ఎక్కడ ఎప్పుడు డబ్బు కట్టాలి, వదులుకుంటే ఎంత వెనక్కొస్తుంది అనేది తేదీల మీదే ఆధారపడి ఉంటుంది. కన్వీనర్ రౌండ్లన్నీ అయ్యాక మిగిలిన సీట్లకి స్పాట్ అడ్మిషన్లు పెడతారు, వాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఆ మాట తెలియక "స్పాట్‌లో మంచి సీటు దొరుకుతుందిలే" అని చేతిలో సీటు వదులుకోకండి.

క్లాసులు మొదలైన నెలకి మెంటర్‌కి ఒకసారి ఫోన్ చేసి ఏది అనుకున్నట్టు ఉందో, ఏది లేదో చెప్పండి. ఆ వివరాలు ఆయన దగ్గరికి వచ్చే ఏడాది వచ్చే ఇంకో పిల్లకి కావాలి, ఆ పిల్ల మీ ఊరి నుంచే వస్తే ఆయన మీ నంబరే ఇస్తాడు.